బావ ట్రిమ్మర్‌కు చార్జర్

మా బావ సిగరెట్లు మానకపోతే ఎయిర్‌పోర్ట్‌కు రానని అక్క తేల్చి చెప్పేసింది. గల్ఫ్ నుంచి మనిషి సెలవు మీద దిగుతున్నాడంటే, మా జగిత్యాల వైపు బండి మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ శంషాబాద్ వెళ్తారు. పెళ్లాం, కూతురు రాకుండా ఒక్కడే బస్సెక్కి ఊళ్లో దిగితే ఇక తలెత్తుకోలేడు. ఆ మాట విన్న రోజు బావ సగం అన్నంలోనే చేయి కడిగేసుకున్నాడు.

అక్క నాకూ ఫోన్ చేసింది. "దుబాయ్‌ల ఏం జేస్తుండో నాకు కనబడదనుకుంటుండు. నువ్వు పక్కన్నే ఉన్నవ్ గద, జర కన్నేసి పెట్టు." మేముండేది ఖతర్ అని ఆమెకు చెప్పడం నేనెప్పుడో మానేశాను.

అల్ ఖోర్‌లో బావా నేనూ మరో నలుగురితో ఒకే గదిలో ఉండేవాళ్లం. బావది పై మంచం, నాది కింది మంచం. గదిలో ఖాళీగా ఉండే ప్లగ్గు ఒక్కటే, అది సరిగ్గా నా తలగడ పక్కన. నా ఏడుపంతా దాని గురించే.

సిగరెట్ ఒక్కసారిగా మానడం తన వల్ల కాదని, వేరే దేశం నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర బావ ఒక వేప్ సంపాదించాడు. బొటనవేలంత గొట్టం, లోపల బ్యాటరీ, పీలిస్తే మామిడిపండు వాసన. ఇక్కడ దాన్ని తేవడమూ అమ్మడమూ నిషేధం. కొంప ముంచుతావు బావా అని మొత్తుకున్నాను.

"సిగరెట్ ఏ బకాలా దుకాణంల వోయినా దొర్కుతది. గిది దొర్కది. అంటే గిదే మంచిదేమో బామ్మర్ది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వేప్‌తో పాటు వైరు వచ్చింది గానీ చార్జర్ రాలేదు. కూడా వచ్చిన కాగితాన్ని నేనే పైకి చదివాను. ఫాస్ట్ చార్జర్ వాడొద్దు, పరుపు మీద పెట్టొద్దు, చార్జ్ అవుతుంటే వదిలేసి పోవద్దు. మా గదిలో ఉన్నవన్నీ ఫాస్ట్ చార్జర్లే. అది పేలితే ముందు కాలేది నా చెవి. మెల్లగా ఎక్కే చార్జర్ తెచ్చేదాకా నా ప్లగ్గు జోలికి రావద్దన్నాను.

ఇద్దరం ముషైరిబ్ బజారు దాకా పోయి ఒక మొబైల్ షాపులో అడిగాం. షాపతను హైదరాబాద్ భాయ్.

"దేనికి గావాలె?" అన్నాడు.

"ట్రిమ్మర్‌కు" అన్నాడు బావ.

భాయ్ బావ గడ్డం వైపు చూశాడు. అది అప్పటికే ఛాతీ మీదికి దిగింది. "ఈ గడ్డానికా?"

"చార్జర్ లేకనే గింత పెరిగింది."

భాయ్ నమ్మాడో లేదో గానీ, ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. "అర్వై అయిదు వాట్లు. ల్యాప్‌టాప్ భీ నడుస్తది."

"మెల్లగ ఎక్కేది లేదా భాయ్?" అన్నాను నేను.

"అందరూ జల్దీ ఎక్కేదే అడుగుతరు. మెల్లగ ఎక్కేది అడిగినోళ్లు మీరే."

వట్టి చేతులతో తిరిగొచ్చాం. చివరికి అది నా సూట్‌కేసు అడుగునే దొరికింది. ఊరి నుంచి తెచ్చుకున్న నా పాత ఫోన్ చార్జర్, ఒక్క ఆంపే. కాగితం పక్కన పెట్టి అంకెలు సరిచూసుకున్నాం. బావ దాన్ని కళ్లకద్దుకున్నాడు.

అయితే అది మనవైపు చార్జర్, గుండ్రటి పిన్నులు రెండు. ఇక్కడి ప్లగ్గుకు చదరపు రంధ్రాలు మూడు. పై రంధ్రంలో పెన్ను గుచ్చితే కింది రెండూ తెరుచుకుంటాయి, అప్పుడు పిన్నులు దూర్చేయాలి. దేశం దిగగానే గల్ఫ్ వాడెవడైనా నేర్చే మొదటి విద్య ఇది. అన్ని వాట్లూ ఆంపులూ చూసిన బావ, పెన్ను తీసి పుసుక్కున గుచ్చాడు. నేనే టార్చి పట్టాను. ఇదీ ప్రమాదమేనని మాలో ఒక్కడికీ అనిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, మామిడికాయ పప్పు అప్పుడే దించాం. వేప్‌ను నేల మీద పెట్టి బావ కాపలా కూర్చున్నాడు. వదులుగా ఉన్న పిన్నులు చిటపటమన్నాయి, నీలంగా ఒక మెరుపు, అంతే, మా అంతస్తు మొత్తం కరెంటు పోయింది. ఆగస్టు నెల. ఏసీలు ఆగగానే లుంగీల మీద ఉన్న జనమంతా వరండాలోకి వచ్చారు. వాచ్‌మన్ నేరుగా మా గదికే వచ్చాడు. బావ గుడ్లు తేలేసి, వేప్‌ను పీకి, పక్కనున్న గిన్నెలో వేసి మూత పెట్టేశాడు. అది పప్పు గిన్నె.

వాచ్‌మన్ గోడలో దిగబడిన పెన్నును చూశాడు. "కలం మాఫీ" అని, అంటే పెన్నులు గుచ్చేది లేదని, దాన్ని పీకి తన జేబులో పెట్టుకుని పోయాడు.

సరిగ్గా అప్పుడే అక్క వీడియో కాల్. "ఏమైందిరా, అందరు గట్ల చెమటలు గక్కుతున్నరు?"

పప్పు పోయిన మంటలో గదిలో ఒకతను అందుకున్నాడు. "మీ ఆయన ట్రిమ్మర్ పప్పుల వడ్డదక్కా."

"ట్రిమ్మర్ గిట్ట కొన్నడా? అయితే ఆ అడవి తీసేసి రమ్మను."

వేప్ చచ్చింది. పప్పునూ గిన్నెనూ కలిపి పారేశాం, అందరం మజ్జిగన్నం తిన్నాం. ఆడిన అబద్ధం నిలబెట్టుకోవడానికి బావ మంగలి షాపుకెళ్లి నున్నగా గీయించుకున్నాడు. సిగరెట్ మీదికి మనసు పోయినప్పుడల్లా ఇంత సోంపు నోట్లో వేసుకుని నాతో గొడవ పెట్టుకునేవాడు. నన్ను తిడితే అక్క ఎయిర్‌పోర్ట్‌కు వస్తుందంటే తిట్టనీ అని ఊరుకున్నాను.

ఆయన దిగే రోజు డ్యూటీలో నా చూపంతా ఫోన్ మీదే. మోగింది. అక్క వెనక ఎయిర్‌పోర్ట్ అద్దాలు, ట్రాలీ, నున్నగా గీసిన మొహంతో బావ.

"పోయినవా అక్కా?"

"పోకుంట ఎట్లుంటరా. అందరి ముందట్నే అంగి వాసన జూసిన. ఉత్త సోంపు వాసనొస్తంది." ఆమె నవ్వింది. "పిల్లనే ఆయన దగ్గరికి పోతలేదు. ఫోన్ల జూసే మా బాపుకు గడ్డముంటదని ఒక్కటే ఏడుపు."

బావ ఫోన్ లాక్కున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బామ్మర్ది, గడ్డం జల్దీ పెరగాలంటే ఏం జెయ్యాల్రా? నాకున్నది నెల రోజుల సెలవే."