కంట్రోలు ఎలుకలు

హులిగెమ్మ జాలిగుండె మనిషి. జాలి మంచిదే కానీ, ఎలుకల మీద చూపిస్తే ఏమవుతుందో కర్నూలులో మా ఫార్మసీ కాలేజీ వాళ్లను అడగాలి. నేనక్కడ స్టోరు చూసుకుంటాను. ఎలుకల మేత నా చేతి మీదుగానే పోతుంది. వినాయకుడికి అది వాహనం కావచ్చు, నాకు మాత్రం ఆ జాతంటేనే గిట్టదు. హులిగెమ్మ వాటి గది ఊడ్చి, పంజరాలు కడిగి, మేత వేస్తుంది.

ఆమెది ఆదోని పక్క పల్లె, కాపురం కర్నూలులో. మొగుడు మారెన్న మార్కెట్‌యార్డులో ఉల్లిగడ్డల మూటలు మోసేవాడు. పెద్దపేగులో పుండ్లు పడే జబ్బొచ్చి ఆ పని మాన్పించింది. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు దాకా ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుందో, తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో అతనికి కంఠతా వచ్చు. పెళ్లికి పోతే పెళ్లికూతురి కంటే ముందు దొడ్డి చూసి వస్తాడు. మందులు వాడితే కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే, పరిశోధన చేసే శివజ్యోతి ఆ జబ్బు మీదే పని మొదలుపెట్టిందని తెలిసి హులిగెమ్మ పొంగిపోయింది. మారెన్నకు మందు ఈ గదిలోనే పుడుతుందని నమ్మింది. పని పద్ధతి ఇది. నీళ్లలో ఒక పొడి కలిపి తాగిస్తే ఎలుకల పేగుల్లో పుండ్లు పడతాయి. తరువాత కొన్నింటికి మూలకణాలు సూదితో ఎక్కిస్తారు. అవి పాడైన చోట మరమ్మతుకు సాయపడతాయని ఆశ. మిగతావాటికి సూదిలో ఉత్త ఉప్పునీళ్లు. పొడినీళ్లు మాత్రం అన్నీ తాగుతూనే ఉండాలి. రెండింటినీ పోల్చి చూస్తే కణాలు పనిచేశాయో లేదో తేలుతుంది. ఉప్పునీళ్ల పంజరం చూపించి, "అక్కా, ఇవి కంట్రోల్ ఎలుకలు" అని చెప్పి ఊరుకుంది శివజ్యోతి. ఇంకా విడమరచాలని ఆ పిల్లకు తోచలేదు.

మా పక్క కంట్రోలంటే రేషను అంగడి. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర. ఆ వరుసలో నిలబడే పెరిగింది హులిగెమ్మ. కంట్రోల్ ఎలుకలంటే రేషను కార్డు ఎలుకలని ఆమె తీర్మానించుకుంది. పేదవి కాబట్టే సూదిలో మందు లేదు, ఉప్పునీళ్లతో సరిపెట్టారు. తాగే నీళ్లు కూడా కంట్రోలు సరుకే, అందుకే బేదులు. పక్క పంజరానికి ఎటూ మందుంది, దాని బాగోగులు చదువుకున్నవాళ్లు చూసుకుంటారు. వీటికి దిక్కెవరు?

అందరూ భోజనానికి పోయినప్పుడు ఆ పొడినీళ్లు పారబోసి, సీసాల్లో మజ్జిగ తేట నింపేది. మెత్తటి జొన్న సంగటి చిదిమి పెట్టేది. మేత మిగిలిపోతుంటే ఎలుకలు ఉపవాసం పట్టాయేమోనని నేను లోపల సంతోషించాను.

కొన్నాళ్లకు ఉప్పునీళ్ల ఎలుకలు నున్నగా, బొద్దుగా తయారయ్యాయి. మూలకణాల ఎలుకలు ఇంకా మూలుగుతూనే ఉన్నాయి. శివజ్యోతికి తలప్రాణం తోకకొచ్చింది. ఆమె గైడు రంగనాథ్ సారు టీ తాగుతూ వచ్చి చూసి, "నీ కణాల కంటే ఉప్పునీళ్లే నయమమ్మా. ఇంక ఇది కట్టిపెట్టు" అన్నాడు.

చీపురు పట్టుకుని హులిగెమ్మ అక్కడే ఉంది. కట్టిపెడితే మారెన్నకు మందు లేదు. నోరు విప్పితే తనకు ఉద్యోగం లేదు. ఏం చేయమంటావన్నట్టు నా వైపు చూసింది. మేత ఎందుకు మిగిలిందో నాకప్పుడు తెలిసొచ్చింది, అయినా మేత బస్తా వైపు చూశాను. సిగ్గులేని మనిషిని.

"సార్, దుడ్లు లేని ఎలుకలని నేనే మజ్జిగ పోసినా" అంది.

"దుడ్లు లేని ఎలుకలేంది?"

"కంట్రోలువి సార్."

"మరి ఆ పొడినీళ్లు?"

"పారబోసినా. వాటితోనే గదా బేదులు పట్టుకున్యాది."

సారుకు టీ గొంతులో అడ్డం పడింది. తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

"నన్ను పంపించండి సార్. ఆ మందు పని మాత్రం నిలపొద్దండి. మా ఆయప్ప దాని మీదే శానా ఆశ పెట్టుకోని ఉండాడు."

శివజ్యోతి ఆమెను పోనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని కంట్రోల్ అంటే పోల్చి చూడటానికి మందివ్వకుండా ఉంచేవని మొదటి నుంచి చెప్పింది. కొత్త ఎలుకలతో పని మళ్లీ మొదలైంది. ఈసారి హులిగెమ్మ మజ్జిగ తేలేదు. నెత్తురు బేదుల పంజరం కడుగుతూ మొగం పక్కకు తిప్పుకునేది.

ఈసారి మూలకణాల ఎలుకలు తేరుకున్నాయి. శివజ్యోతి అందరికీ మైసూరుపాకు పంచింది. హులిగెమ్మ అది తినకుండా, "మనుషులకు ఎప్పుడిస్తారు మేడం?" అని అడిగింది.

"ఇవి ఎలుకలక్కా. తరువాత పందుల్లాంటి పెద్ద జంతువుల్లో చూడాలి, ఆ పైన మనుషుల్లో. ఏళ్లు పట్టొచ్చు. ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేయకపోనూవచ్చు."

ఆ మాట మొగుడికి ఎట్లా చెప్పిందో మరునాడు నాకు చెప్పింది. మారెన్న అంతా విని, "అయితే వరుసలో నాకంటే ముందు పందులుండాయి" అన్నాడట. ఇద్దరూ నవ్వుకున్నారు. కాసేపటికి అతనే అడిగాడు.

"మందియ్యని ఎలుకలు యెట్లుండాయి?"

"నొప్పి పడతాండాయి. చూడల్యాక మొగం తిప్పుకుంటాండా."

"తిప్పుకోవద్దు. నువ్వు చూస్తాండావనే గదా నేను ఓర్చుకుంటాండేది."