కోళ్ల శబ్దంలో వినిపించిన గొంతు

దెయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పద్మపూర్‌లో గుమస్తాగా రిటైరయ్యాను. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. చూసిందీ విన్నదీ తప్ప ఊహించింది అందులో రాయను.

రాయగడలో చదివే మా మనవరాలు సెలవులకొచ్చి, ఒక పోటీ కోసం కంప్యూటర్ ఆట తయారు చేసింది. అందులో పల్లె శబ్దాలన్నీ ఇంటర్నెట్‌లో ఎవరెవరో పంచుకున్నవే. ఉచితమే కదా, ఇంక అడిగేదేముంది అన్నాను.

"అలాక్కాదు తాతా. కొన్నిటికి పెట్టినోళ్ల పేరు సెప్పాలి. కొన్ని అమ్మే ఆటల్లో వాడకూడదు. ఒక్కదానికి అనుమతి తేడాగా ఉన్నా నా ఆట తీసి పారేస్తారు."

సరే అని, శబ్దం, పెట్టినవారి పేరు, షరతు అని గళ్లు గీసి పట్టిక రాయడం మొదలుపెట్టాను. పద్నాలుగోది కోళ్ల శబ్దం. పెట్టింది ఎవరో విదేశీయుడు. పేరు చెప్తే చాలు, వాడుకోవచ్చు.

మధ్యాహ్నం మూడింటికి అది విన్నాను. కోళ్ల మధ్యలో ఒక ఆడగొంతు: "ముందు కుంటిదాన్ని తిననియ్యండే!"

నా భార్య పోయి ఆరేళ్లు. రోజూ గింజలు చల్లుతూ కోళ్లతో ఆవిడ అనే మాట అదే.

అప్పుడే మజ్జిగ తెచ్చిన మా మరదలు, నా భార్య చెల్లెలు, గుమ్మంలోనే ఆగిపోయింది. "మా అప్ప గొంతు ఎప్పుడు రికార్డు సేసేరు బావా?"

మేమెప్పుడూ చెయ్యలేదు.

మనవరాలు ఆ విదేశీయుడికి రాసింది. తన పెరట్లో తీశానని, అక్కడ మనుషులెవరూ లేరని చెబుతూ అసలు రికార్డింగు మళ్లీ పంపాడు. అవే కోళ్లు, అదే నిడివి. గొంతు ఉండాల్సిన చోట కోళ్లు ఊరికే ఆగాయి.

"అమ్మీ, ఈ గొంతు లేనిదే ఆటలో పెట్టీ, ఏ గొడవా ఉండదు" అన్నాను.

"నాకు నాయనమ్మదే కావాలి. గొంతుకి ఇంటోళ్లు అనుమతి రాసిస్తే సాలట. రాసియ్యవా?"

కాగితం ముందు పెట్టింది. గొంతు ఎవరిది అన్నచోట నా భార్య పేరు రాశాను. సాక్షిగా మరదలు సంతకం చేసింది. ఆట పోటీకి అంగీకరించారు. ఇంట్లో ముగ్గురం రోజూ ఒకసారి వింటాం. హాయిగా ఉంటుంది.

రికార్డు చేసిందెవరు, ఎక్కడ అని ఆ కాగితంలో రెండు ప్రశ్నలున్నాయి. వాటిని ఖాళీగా వదిలేశాను.