ఒక సామెత ఉపసంహరణ

నా ఇంగ్లీషు ఇంతవరకూ ఎవరినీ నవ్వించలేదు. ప్రభుత్వం నాకు దాన్ని అందుకోసం నేర్పలేదు. శ్రీకాకుళంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ మధ్యకాలమంతా నేను రాసిన ఇంగ్లీషు చదివి కొందరికి చెమటలు పట్టాయి, ఇద్దరు ముగ్గురికి ఇంక్రిమెంట్లు ఆగాయి. మా పెద్దసార్లకైతే అది కూడా చేతకాదు. ఏం రాయాలో తోచనప్పుడు ఫైలు అంచున 'ప్లీజ్ స్పీక్' అని గిలికి కిందికి తోసేవారు, వచ్చి మాట్లాడమని. ఆ రెండు మాటలు చూస్తే నాకు ఒళ్లు మండేది. రాయలేనివాడికి అంత జీతమెందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

తెలుగులో నా సంగతి వేరు. అరసవల్లిలో మా ఇంటి గుమ్మంలో నేను కూర్చున్నానంటే పక్కింటివాళ్లు పొయ్యి మీద పాలు వదిలేసి వస్తారు. ఆదివారం దర్శనానికొచ్చిన భక్తులకు ఆటోవాళ్లు చెప్పే రేట్ల మీద, ఒక కోటు సున్నం వేసి అద్దె రెట్టింపు చేసే లాడ్జీల మీద నేను చెప్పే కబుర్లకి కడుపు పట్టుకుని నవ్వుతారు. వెటకారం పడందే మా వైపు కూరకి ఉప్పయినా పట్టదు.

అలాంటి నాకు దేవుడు పుణే కోడల్ని ఇచ్చాడు. పిల్ల బంగారం. మరాఠీ, హిందీ దాని సొంతం, ఇంగ్లీషు మంచినీళ్ల ప్రాయం. తెలుగు రాదు. నాకు హిందీ రాదు. ఇక మా ఇద్దరి మధ్యా మిగిలింది నా ఇంగ్లీషు, నా కొడుకు. ఈ రెండింట్లో ఏది ఎక్కువ పనికిమాలిందో చెప్పడం కష్టం. పెళ్లిలో వియ్యాలవారి మర్యాదల గురించి నేను ఐదు నిమిషాలపాటు చేతులు తిప్పుతూ చెప్పిందంతా విని, మావాడు పెళ్లాం వైపు తిరిగి, వంట బాగుందంటోంది అమ్మ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

వాళ్లు పుణేలో కాపరం పెట్టాక ఫోన్లో రాసుకోవడం మొదలైంది. పిల్ల కొత్త చీర కట్టుకుని ఫొటో పంపితే 'రిసీవ్డ్ విత్ థాంక్స్' అని రాశాను. జ్వరమొచ్చిందంటే 'కైండ్లీ ఫర్నిష్ డీటెయిల్స్ ఆఫ్ ఫీవర్' అన్నాను. ఒకరోజు బొబ్బట్లు చేసి ఫొటో పెట్టింది. మన బొబ్బట్లే, వాళ్లేదో పేరంటారు. నిజానికి చూడగానే నోరూరింది. 'నోటెడ్' అని రాశాను. నా దృష్టిలో ఇదంతా ప్రేమే. నోటెడ్ అంటే చూశాను, గుర్తుపెట్టుకున్నాను, ఇక మర్చిపోను అని కదా. అత్తగార్లలో ఎంతమంది ఇంత మాటిస్తారు?

ఆ పిల్ల మాత్రం నన్ను 'మేడమ్' అని పిలిచేది. అది వాళ్ల ఊరి మర్యాద కాబోలనుకున్నాను. ఓసారి మావాడు మాటల మధ్యలో నోరుజారాడు. నా మెసేజ్ వచ్చిందంటే పిల్ల చేతిలో ముద్ద పక్కన పెట్టేస్తుందట. రెండుసార్లు చదువుకుని, మీ అమ్మకి నా మీద కోపమా అని వీణ్ణి అడుగుతుందట. వీధి వీధంతా నవ్వించే మనిషిని, ఇంటికొచ్చిన పిల్లకి హడలు పుట్టిస్తున్నాను. మాఘమాసంలో ఇద్దరూ వచ్చి వారం రోజులు ఉంటామన్నారు. అత్తగారు ఆఫీసు కాదు, మనిషే అని ఆ పిల్లకి ఈలోపు తెలియాలి.

సరదాగా ఇంగ్లీషు రాయడం నేర్పుతానంటూ యూట్యూబులో ఒక గురువుగారు దొరికారు. మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు గానీ ఆత్మవిశ్వాసం గెడ్డం దాకా పెరిగింది. చిన్న వాక్యాలు రాయమన్నారు. సరేనని కోడలికి 'ఈట్ వెల్. స్లీప్ వెల్. రిపోర్ట్.' అని రాశాను. పిల్ల వెంటనే తాను తిన్నవన్నీ వరసగా రాసి పంపింది. నవ్వినట్టయితే లేదు. ఆ తర్వాతి పాఠంలో గురువుగారు, మీ ఊరి సామెత ఒకటి ఇంగ్లీషులో పెట్టండి, చదివేవాళ్లు పడిపడి నవ్వుతారని సెలవిచ్చారు.

సామెతలకా నాకు కరువు? వెతికి వెతికి మా ఇద్దరికీ తగినదే పట్టుకున్నాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, పప్పు రుబ్బుతుంటే మా అత్తగారు నా మీద విసిరిన సామెత ఇది. పొత్రం వదిలేసి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వే నా కోడలికీ ఇద్దామనుకున్నాను. మాటకి మాట ఇంగ్లీషులో పెట్టాను. కోడలు లేని అత్త 'వర్చువస్' అని రాయడానికి డిక్షనరీ కూడా చూశాను. అంతా అయ్యాక, చెయ్యి ఊరుకోదు కదా, కింద అలవాటు కొద్దీ 'ఫర్ ఇన్ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్' అని చేర్చి పంపేశాను.

నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం మావాడు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఏటి రాసావు? ఇక్కడ ఏడుస్తన్నాది. నెసెసరీ యాక్షనంటే ఇల్లొదిలి పొమ్మనా అని అడుగుతన్నాది."

సామెతరా, నవ్వులాటకి రాశానురా అన్నాను. నవ్వులాటని చెప్పినా నమ్మడం లేదన్నాడు. మాఘమాసానికి తాను రానందట, వీణ్ణి ఒక్కణ్ణే వెళ్లి రమ్మందట. నేనొక్కడినే వస్తాలే అన్నాడు, అదేదో నాకు ఓదార్పు అయినట్టు.

రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ పిల్ల వస్తుందని పై గదికి కొత్త దోమతెర కట్టించాను. ఏ పూట ఏం వండాలో కూడా అనుకున్నాను. పరువు పోయిందన్న బాధ కాదు, ఆ పిల్ల రాదేమోనన్న దిగులు. మా ఆయన కూడా రిటైరైన ఉద్యోగే, ప్రస్తుతం ఇంట్లో నా కింద పనిచేస్తున్నారు. ఆయనకి నా మీద కసి తీర్చుకునే అవకాశాలు తక్కువ. దొరికినదాన్ని వదులుకోలేదు.

"ఏటే అంతలా ఆలోసిస్తన్నావు? ఓ మెమో ఇచ్చీ. నీకొచ్చిన ఇంగిలీసు అదొక్కటే గదా."

కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలోనే ఫోన్ తీసుకుని కూర్చున్నాను. అవును, నాకొచ్చింది అదొక్కటే. అయితే అదే ఇస్తాను, నాకు నేనే ఇచ్చుకుంటాను. ఏ గురువునీ తలుచుకోకుండా ఆఫీసు ఇంగ్లీషులో మెమో దంచేశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

"విషయం: అత్తగారు – సామెత – పొరపాటున జారీ – ఉపసంహరణ గురించి. సూచిక: నేటి సామెత. పై సామెతను ఇందుమూలముగా ఉపసంహరించుకోవడమైనది. మా జిల్లాలో సదరు సామెత పచ్చడితో పాటు వడ్డించబడును. ఇతర రాష్ట్రములలో దాని చెల్లుబాటు విచారించకుండా జారీ చేయుట అత్తగారి నిర్లక్ష్యము. ఈమె గతంలోనూ బొబ్బట్ల ఫొటోకు 'నోటెడ్' అని రాసి, నోరూరిన వాస్తవమును ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టినట్లు రుజువైనది. శిక్షను కోడలుగారు నిర్ణయించవలెను. అంతవరకు అత్తగారు సస్పెన్షనులో ఉందురు. జీవనభృతి కింద రోజుకొక ఫొటో మంజూరు చేయ ప్రార్థన."

పంపేసి, ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే జవాబు వచ్చి ఉంది. ఇంగ్లీషులో, అచ్చంగా మెమో పద్ధతిలోనే, విషయం, సూచిక అన్నీ ఉన్నాయి. నా దగ్గర ఏళ్లు పనిచేసిన గుమాస్తాలు కూడా అంత శుభ్రంగా రాయలేదు.

అత్తగారి సంజాయిషీ సంతృప్తికరంగా లేదట. కాబట్టి విచారణాధికారి మాఘమాసంలో స్వయంగా వస్తున్నారట. వెంట మీ అబ్బాయి ఫైళ్లు మోసుకుని వస్తాడట. నేను గట్టిగా నవ్వితే మా ఆయన పేపరు దించి చూశారు. కింద ఇంకో పేరా ఉంది.

"ఒక సందేహము. అత్త లేకుంటే కోడలు మంచిది, కోడలు లేకుంటే అత్త మంచిది అని సామెత తెలుపుచున్నది. ఇద్దరూ ఒక చోట ఉండి, ఇద్దరూ మంచిగా ఉండుటకు నిబంధనలు అనుమతించునా? రిమార్కులు పంపగలరు."

ఏదో రాశాను, చెరిపేశాను. ఇంకేదో రాశాను, అదీ బాగోలేదు. నా సర్వీసులో ఏ ఫైలూ నన్ను అంత ఇబ్బంది పెట్టలేదు. చివరికి 'ప్లీజ్ స్పీక్' అని రాసి పంపాను.

వెంటనే ఫోన్ మోగింది. మధ్యలో మావాడు లేడు.

"అత్తా," అంది ఆ పిల్ల. ఎన్నాళ్లనుంచి నేర్చుకుంటోందో, మావాడి యాస అచ్చంగా దిగిపోయింది. "ఏటి సేస్తన్నావు? తిన్నావా?"

రాత్రి నుంచి నేను తినలేదు. వీధినంతటినీ కూర్చోబెట్టి నవ్వించే నోటికి ఆ పూట తెలుగు రాలేదు.

"ఎస్, మేడమ్," అన్నాను.