మొగుడి సంతకం కోసం ఆగిన రెండు వారాలు

నాకు లా సీటొచ్చిందని మొన్న వీధంతా తిరిగి చెప్పాను. మా ఇంట్లో డిగ్రీ దాటిందే నేనొక్కదాన్ని మరి! అందరూ సంతోషపడ్డారు. పక్కింటి అక్క మాత్రం, "ఇప్పుడన్నా సరిగ్గా చదువు అమ్మీ" అని నవ్వింది. ఆ మాటకు కారణం ఉంది.

ప్రవేశ పరీక్షకు చదివే రోజుల్లో ఇంగ్లీషంటే నాకు వణుకు. "ఒక్క తీర్పు మొదలునుంచి చివరిదాకా చదువు, కోర్టు ఇంగ్లీషు అదే వస్తుంది" అని మా లెక్చరర్ సుప్రీంకోర్టు తీర్పొకటి ఫోనుకు పంపారు. పెళ్ళి కాని ఆడపిల్లకూ అబార్షన్ హక్కు ఉందని చెప్పిన తీర్పు.

గార్లదిన్నె దగ్గర మా ఊళ్ళో విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కాలమది. అమ్మ, ఆ పక్కింటి అక్క, నేను గోనెపట్ట మీద కూర్చునేవాళ్ళం. కొత్త మాట చదివినప్పుడల్లా ఒక కాయ పక్కన పెట్టేదాన్ని. సాయంత్రం ఒక్కో కాయ ఒలుస్తూ అర్థం అప్పజెప్పుకోవాలి. గుర్తు రాకపోతే కాయ రేపటికి. పిటిషనర్, అటానమీ, గార్డియన్.

అప్పుడు అక్క కష్టంలో ఉంది. చిన్నబిడ్డకు ఎనిమిది నెలలైనా నిండకుండానే మళ్ళీ నెల తప్పింది. వద్దనుకుంది. ఆసుపత్రికి తోడు రమ్మంటే, "మీ ఆయన సంతకం లేకుండా చెయ్యరక్కా" అన్నది నేనే. రేషన్ కార్డు మొదలు పొదుపు సంఘం దాకా వీధిలో ఆడవాళ్ళకు నేను నింపిన ప్రతి కాగితంలోనూ భర్త పేరు గడి ఉంది. దీనికీ ఉంటుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆయనేమో బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "వచ్చే వారం వస్తాలే" అంటాడు. అలా రెండు వారాలు పోయి మూడో నెల పడింది.

ఒక మధ్యాహ్నం తీర్పులో 'కన్సెంట్' దగ్గర ఆగాను. సమ్మతి. ఎవరిది? మేజరైన ఆడమనిషిదే. గార్డియన్ మైనర్లకూ, మతిస్థిమితం లేనివాళ్ళకూ. నా ఇంగ్లీషు మీద నమ్మకం లేక మూడుసార్లు చదివాను. భర్త ఎక్కడా లేడు.

ఒళ్ళోని కాయలు నేలపాలయ్యాయి.

"యాడికే అట్ల పరిగెత్తేది?" అమ్మ అరిచింది.

అక్క తన ఇంట్లో బిడ్డకు పాలిస్తోంది. "సంతకం అక్కర్లేదంటక్కా!" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"సుప్రీంకోర్టు."

"మరి సంతకం కావాలని చెప్పిందెవురు?"

"నేనే."

"డిగ్రీ చేసి ఇదా నువ్వు నేర్చింది? పదైదు దినాలు నాకు అన్నం దిగల్యా కదమ్మీ!"

మర్నాడు పొద్దున్నే అనంతపురం బస్సెక్కాం. అది ఆగని స్టాపు లేదు. ఎవరన్నా అడ్డం చెబితే చదివి వినిపిద్దామని ఆ పేజీ తెరిచి పట్టుకున్నాను. ఆ వాక్యం నోట్లో వల్లెవేసుకుంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి అక్కనే అడిగింది. "నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే మేడం."

"ఇన్ని దినాలు ఎందుకు ఆగినావమ్మా?"

అక్క నా వైపు చూసింది.

"బిడ్డకు జరమొచ్చినాది మేడం" అంది.

కాగితం మీద సంతకానికి ఒకటే చోటుంది. అక్క, సంఘంలో నేర్చుకున్న తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. నేనింకా ఫోను ఎత్తి పట్టుకునే ఉన్నాను.

"ఇంగ లోపల పెట్టు అమ్మీ" అంది అక్క, పెన్ను తిరిగిస్తూ. "ఎవురూ అడగల్యా."