నేను పాసు చేసిన బొచ్చె

ఈ సంగతి మీద మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కొత్త జిల్లాలు ఏర్పడిన సంవత్సరం చలికాలంలో నేను నిడదవోలు దగ్గర ఒక చేపల ప్రాసెసింగ్ ప్లాంటులో క్యూసీ సూపర్‌వైజరుని. క్యూసీ అంటే నాణ్యత చూసే విభాగం. వచ్చిన ప్రతి లోడునూ చూసి పాసో, రిజెక్టో రాయడం మా పని. చేప కన్ను ఉబ్బెత్తుగా మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. కన్ను లోపలికి పోయిందంటే మేనేజరు చెప్పినా పాసు చేయను. మా మేనేజరు సత్యమూర్తి గారికి నా మీద ఉన్న కోపం అక్కడిదేనని నా అనుమానం.

ఒక ఆదివారం ఆయన కొవ్వూరులో పడవ అద్దెకు మాట్లాడి స్టాఫును గాలాల వేటకు తీసుకెళ్లారు. పట్టిన చేపకు ఐసు వేసే డ్యూటీ నాకు వేశారు. అంటే నాకు గాలం ఇవ్వలేదు. పడవ నడిపే అప్పన్న తవుడు ముద్ద ఎరగా గుచ్చి, గాలం వేసి, లాగి, నాలుగు కిలోల బొచ్చె చేపను పైకి తెచ్చాడు. సత్యమూర్తి గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఫోటో దిగారు.

“ఆయ్, పట్టింది సారేనండి,” అన్నాడు అప్పన్న నాతో. “నేను లాగానంతేనండి.”

చేపను పరీక్షించి పాసు చేశాను. పెట్టెలో కింద ఒక పొర, పైన ఒక పొర ఐసు వేసి, వంతెన దాటి రాజమండ్రిలో ఆయన ఇంటికి చేర్చాను. ఆయన భార్య పద్మ గారు కోరుకొండ గుడికి వెళ్లారు. పులుసు తానే వండుతానని సత్యమూర్తి గారు లుంగీ ఎగ్గట్టారు. భోజనానికి వచ్చిన స్టాఫునెవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. గంట తర్వాత పులుసు దాక మా మధ్యకు వచ్చింది. అందులో ముక్క అన్నది లేదు. అంతా గుజ్జూ ముళ్లూ.

“చేప మెత్తబడిపోయిందండీ,” అన్నారాయన అందరి ముందూ. “మన క్యూసీ గారు ఆదివారాలు కళ్లజోడు పెట్టుకోరేమో.”

అందరూ నవ్వారు. రెండోసారి పులుసు పోయించుకుని మరీ నవ్వారు. ఆ తర్వాత నేను లోడు రిజెక్టు చేసినప్పుడల్లా లారీవాళ్లు ఆ బొచ్చె సంగతే ఎత్తేవారు. మాట పోయిన క్యూసీ రాసిన కాగితాన్ని ఎవరూ లెక్కచేయరు. నా వీడ్కోలు సభలోనూ దండ వేసి, ఆ బొచ్చెనే తలచుకున్నారు.

ఆ రోజు జరిగింది ఇంకొకటి ఉంది. మేం చేతులు కడుక్కుంటుంటే పద్మ గారు గుడి నుంచి వచ్చారు. దాకలోకి ఒకసారి చూశారు. చేప ముక్కలు పడ్డాక పులుసులో గరిట పెట్టకూడదు, దాకనే గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. మా వైపు వంట వచ్చిన ఎవరినడిగినా చెబుతారు.

“గరిట పెట్టి కలిపారా ఏంటండీ?” అని ఆవిడ భర్తను అడిగారు.

ఆయన మోగని ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది: పాసు చేసిన సరుకును ఏ స్థితిలో, ఎవరి చేతికి ఇచ్చామో రాసి సంతకం తీసుకోవాలి. మిగతా సర్వీసంతా అలాగే చేశాను. సత్యమూర్తి గారు కూడా ఇప్పుడు రిటైరయ్యారు, తీరికగానే ఉన్నారు. పద్మ గారు అడిగినదానికి అవుననో కాదనో ఆయన నలుగురికీ కనపడేలా రాయాలి.