కాళ్ళకు నీళ్ళు

జనవరిలో మా ఇంటి మేడమీద నీళ్ళ పైపు పగిలింది. మిషిగన్ చలికి పైపులు పగలడం వింతేమీ కాదు గానీ, మా పైపు మాత్రం వేళ చూసుకుని మరీ పగిలింది. అప్పటికే మా ఆయనకు మతిమరుపు జబ్బు ముదిరి, ఆ ఇంట్లో బాత్‌రూమ్ ఎటో, వంటగది ఎటో మాత్రం కాస్త గుర్తుంది. ఇప్పుడు ఇల్లంతా నీళ్ళకు నాని, రిపేరు అయ్యేదాకా ఆ ఇల్లు కూడా వదిలి బయటపడాల్సి వచ్చింది.

ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను మత్తుమందు డాక్టర్ని. ఊళ్ళోవాళ్ళందరినీ నిద్రపుచ్చి జీతం తీసుకున్నదాన్ని, చివరికి నా కంటికే నిద్ర కరువైంది.

ఇన్సూరెన్స్ వాళ్ళు మమ్మల్ని ఒక పెద్ద హోటల్లో పెట్టారు. కారిడార్ పొడవునా ఒకే రకం తలుపులు. ఆయన కనబడ్డ తలుపల్లా బాదుతూ "ఏమోయ్, తలుపు తియ్" అని అరిచేవారు. ఏమోయ్ అంటే నేనే. పెళ్ళయిన మర్నాటి నుంచి నా పేరు అదే. కొత్తలో ఒళ్ళు మండేది, నాకో పేరుంది కదా అని. ఈమధ్య మాత్రం ఆ పిలుపు వినబడగానే "అమ్మయ్య, ఇవాళ్టికి గుర్తున్నాను" అనుకునేదాన్ని. నాలుగో రోజున మేనేజరు వచ్చి, చాలా మర్యాదగా, వేరే చోటు చూసుకోమన్నాడు.

జెర్సీ సిటీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "మమ్మీ, డాడీని మెమరీ కేర్‌లో పెట్టేద్దాం. మతిమరుపు వాళ్ళని అక్కడ నర్సులే చూసుకుంటారు. నువ్వు టయర్డ్ అయిపోతున్నావ్."

"పెట్టేయడానికి ఆయనేమన్నా పాత సోఫానా?" అని ఠపీమని ఫోన్ పెట్టేశాను. పిల్ల మీద కోపమేం లేదు. నాది భయం. నా చేయి వదిలితే నన్ను మర్చిపోతారని భయం. అంతే.

డెట్రాయిట్‌లో ఒక పాత భవనం ఉందని, దాన్ని ఒక మొరాకో కుటుంబం హోటలుగా నడుపుతోందని ఎవరో చెబితే అక్కడికి వెళ్ళాం. ఎప్పుడో ఒక కార్ల షావుకారు రాజుగారిలా బతకాలని కట్టించుకున్న ఇల్లట. చుట్టూ ఖాళీ స్థలాలు, బూడిదరంగు మంచు, కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్ళు. చూడగానే గుండె నీరుగారిపోయింది. లోపల మాత్రం నీలం, ఆకుపచ్చ పలకలు పరిచిన హాలు, మధ్యలో చిన్న ఫౌంటెన్. నడిపేది ఒక పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు. ఆయన తాతలు కూడా వాళ్ళ దేశంలో ఇలాంటి భవనంలోనే వచ్చినవాళ్ళకు మర్యాదలు చేసి బతికారట.

గుమ్మం దాటగానే కోడలు పాలు, ఖర్జూరాలు తెచ్చింది. పెద్దాయన ఒక చేత్తో పొడవాటి ముక్కున్న ఇత్తడి కూజా, ఇంకో చేత్తో పళ్ళెం పట్టుకుని, చేతులు కడగడానికి వచ్చారు. మా ఆయన చేతులు చాపలేదు. పక్కనున్న బల్ల మీద చతికిలబడి, బూట్లు, మేజోళ్ళు విప్పి, ప్యాంటు పైకి లాక్కుని కాళ్ళు రెండూ ముందుకు చాపారు. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు కాళ్ళకు నీళ్ళిచ్చే ఊళ్ళో పుట్టిన మనిషి. ఇక్కడి నీళ్ళు చేతులకని ఆయనకేం తెలుసు!

"రామ రామ, అవి చేతులకండీ!" అని నేను నెత్తి కొట్టుకుంటున్నాను. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాళ్ళ మీద గోరువెచ్చటి నీళ్ళు పోశారు. భుజం మీది తువ్వాలుతో తుడిచారు కూడా.

"పెళ్ళివారు మర్యాదస్తులోయ్" అన్నారు మా ఆయన నాతో. ఎవరి పెళ్ళికో వచ్చామనుకున్నారు.

గంట తర్వాత వరండాలో అటూ ఇటూ తిరిగి లోపలికొచ్చి, మళ్ళీ బూట్లు విప్పారు. "ఇందాకే కదండీ అయింది!" అని నేను గసిరాను. పెద్దాయన అప్పటికే కూజా అందుకున్నారు.

"మేడమ్, మీరు ఇందాక వచ్చారు. ఆయన ఇప్పుడే వచ్చారు" అన్నారు నాతో.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఇది పెళ్ళి కాదు, హోటలు, పైపు పగిలింది, మీ అమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది అని పొద్దస్తమానం చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది. ఆయన తగవులాడేవారు, ఏడ్చేవారు. ఈ పెద్దమనిషికి ఇన్ని పాలతో, కూజాడు నీళ్ళతో సరిపోయింది! ఆ సాయంత్రం గదిలో కూర్చుని నేనే ఏడ్చాను.

రోజుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ నీళ్ళు, పాలు, ఖర్జూరాలు. షుగరు పెరుగుతుందని నేను గొణిగితే, ఖర్జూరం సగం చేసి పెట్టారు గానీ మానలేదు. మా ఆయన పెద్దాయన్ని "బావగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనకు అర్థమేమిటో చెబితే పడీ పడీ నవ్వి, తనూ "బావగారూ" అనడం నేర్చుకున్నారు. కొన్నాళ్ళకి ఇద్దరూ గుమ్మం పక్కన చెరో కుర్చీలో కూర్చునేవారు. ఎవరైనా పెట్టెతో లోపలికి వస్తే మా ఆయనే కూజా తీసుకుని లేచేవారు. ఎప్పుడు వెళ్తారని అతిథిని అడగడం వాళ్ళింటా వంటా లేదట. మమ్మల్నీ ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని ఎన్నాళ్ళుంటాం? ఇంటి రిపేరు పూర్తయింది, ఇన్సూరెన్స్ ఆగిపోయింది. బయలుదేరేటప్పుడు పెద్దాయన భార్య ఆ కూజా, పళ్ళెం గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక ఆయన కుదురుగా ఉండలేదు. "ఇదెవరి కొంపోయ్, పలకరించే దిక్కే లేదు. బావగారింటికి పోదాం పద" అని ఒకటే పోరు. నేను కాళ్ళకు నీళ్ళు పోశాను, పాలిచ్చాను. నా చేతుల మీదుగా అది మర్యాద కాలేదు. ఇంటిమనిషి చేస్తే మర్యాద ఎలా అవుతుంది? ఒకనాటి ఉదయం నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. రెండు వీధుల అవతల, మంచులో, చెప్పుల్లేకుండా, ఎవరింటి ముందో నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటారని చూస్తున్నారు. ఆ మధ్యాహ్నం నేనే అమ్మాయికి ఫోన్ చేశాను. "నువ్వన్నదే చేద్దాం" అన్నాను.

చేర్పించిన రోజున ఆయన ఆ మెమరీ కేర్ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నర్సు నవ్వుతూ చేయి పట్టుకోబోతే విదిలించుకున్నారు. "పిలవని పేరంటమా? నేను రాను." నేను సంచీలోంచి కూజా తీసి, నర్సు చేత గోరువెచ్చటి నీళ్ళు తెప్పించాను. పాడు మోకాళ్ళు పటపటమంటుంటే కింద కూర్చున్నాను.

"మ్యామ్, ఫ్లోర్ వెట్ అవుతుంది" అంది నర్సు.

"అవనీ" అన్నాను తెలుగులోనే.

పరాయిదానిలా తల వంచుకుని, "దయచేయండి" అంటూ నీళ్ళు పోశాను. ఆయన కాళ్ళు తుడిపించుకుని, కోటు సర్దుకుని, దర్జాగా లోపలికి వెళ్ళారు. వెనక్కి తిరిగి చూడలేదు. కార్లో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

కూజా అక్కడే వదిలేశాను. రెండు వారాలు జ్వరంతో పడుకుని, తగ్గాక వెళ్ళాను. బయట సన్నగా మంచు పడుతోంది. ఆయన గుమ్మం పక్కనే కుర్చీలో ఉన్నారు, కూజా ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూసి గబుక్కున లేచారు. "ఏమోయ్" అంటారని నిలబడ్డాను.

"రండమ్మా, రండి. ఈ చలిలో ఎంత దూరం నుంచి వచ్చారో! ఇలా కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను. బూట్లు విప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో నా కాళ్ళు ముట్టుకోని మనిషి వంగి నీళ్ళు పోసి, వేళ్ళ సందులు కూడా శ్రద్ధగా తుడిచారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ప్లేట్లో రెండు బిస్కట్లు తెచ్చి పెట్టి, మొహమాటపడొద్దన్నారు. నేను తిన్నాను. ఇద్దరం వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

లేస్తుంటే గుమ్మం దాకా వచ్చారు.

"ఈసారి ఒంటరిగా రాకండమ్మా" అన్నారు. "మీవారిని కూడా తీసుకురండి."

"అలాగేనండీ" అన్నాను.