ఆమె చుట్టిన కాయిలు

మా పక్కవాటాలో పుస్తకాలకు అట్టలు కట్టే పెద్దాయన ఉంటాడు. అందరూ ఆయన్ని జిగురు బాబాయ్ అంటారు. చేసే పని ఒక కారణమైతే, మాటల్లో పడితే ఒక పట్టాన వదలకపోవడం ఇంకో కారణం.

ముందుగదే ఆయన పనిగది. కిటికీ కింద బల్ల, దాని మీద ఇనుప ప్రెస్సు, కుట్టు విప్పిన లైబ్రరీ పుస్తకాలు, దారపుండలు. ఒక మూల చిన్న కరెంటు హీటరు, దాని మీద జిగురు గిన్నె. జిగురు వేడిగా ఉండాలి గానీ ఉడకకూడదు. ఉడికితే పట్టు పోతుంది.

ఆ హీటరులో కాయిలు చుట్టింది వాళ్లావిడ. హీటర్లు తయారుచేసే షెడ్డులో ఆవిడకు అదే పని. సైకిలు చువ్వకు తీగ చుట్టి తీస్తే చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడంలో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదట. పెళ్లయిన కొత్తలో ఈయన బొగ్గుల కుంపటి మీద జిగురు కాస్తూ దగ్గుతుంటే చూడలేక ఇది చేసి ఇచ్చింది. ఆవిడ పోయాక కూడా రెండో కుర్చీ బల్ల దగ్గరే ఉంది. దాని మీద కాగితం ముక్క కూడా పెట్టనివ్వడు.

ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి మాడు వాసన వచ్చింది. సరిగ్గా ఆ గోడ పక్కనే మా పాప నిద్రపోతోంది. పిల్లను చంకనేసుకుని పరిగెత్తాను.

"బాబాయ్, ఏదో కాలుతోంది!"

"జిగురేనమ్మా. మీ పిన్నికి ఈమధ్య కోపం ఎక్కువైంది. ఉన్నన్నాళ్లూ నెమ్మదే, ఇప్పుడు చూడు నిప్పులు చెరుగుతోంది," అంటూ గిన్నె పైకెత్తాడు.

మసక ఎరుపులో ఉండాల్సిన కాయిలు కళ్లు చెదిరేలా మండుతోంది. మధ్యలో ఒక లావుపాటి మెలిక. కాయిలు కూర్చునే మట్టి పళ్లెంలో చివరి గాడి ఖాళీగా ఉంది.

"ఈ మెలికేంటి బాబాయ్?"

"తెగినప్పుడల్లా కాలిన కొసలు కత్తిరించి మెలేస్తుంటా. తీగ తగ్గితే వేడి తగ్గాలి కదా? ఇదేం విడ్డూరమో, పెరుగుతోంది!"

పాప పుట్టాక, దానికెక్కడ షాకు తగులుతుందోనన్న నా భయంతో మా ఇంట్లో బొమ్మలకంటే మీటర్లు ఎక్కువయ్యాయని మావారి వేళాకోళం. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య పెట్టే మీటరు ఒకటి తెచ్చి పెట్టాను. వోల్టేజి 230, కరెంటు 3.2 ఆంపియర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నిరోధం వస్తుంది: 72 ఓమ్‌లు. రెంటినీ గుణిస్తే శక్తి వస్తుంది: 736 వాట్లు. హీటరు అడుగున ఆవిడ మేకుతో గీసిన అంకె మాత్రం 500. అన్ని వాట్లే రావాలంటే నిరోధం 106 ఓమ్‌లు ఉండాలి. అంటే ఆవిడ చుట్టినదాంట్లో మూడో వంతు ఇప్పుడు లేదు.

"ఇంట్లోకొచ్చే వోల్టేజి మారదు బాబాయ్. తీగ పొట్టిదయ్యేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గుతుంది, ఎక్కువ పారుతుంది, ఎక్కువ మండుతుంది. పిన్నికి కోపమేం లేదు. మీరే కత్తిరించేస్తున్నారు."

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అంటే నేనే దాన్ని కొంచెం కొంచెం పారేశానన్నమాట."

పాప బరువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. "ఇక ఇది వాడొద్దు బాబాయ్. గోడ అవతలే పాప పడుకుంటుంది. మూతున్న కొత్త హీటరు తెప్పిస్తాను."

ఆయన ప్లగ్గు పీకేశాడు. "కొత్తదీ వేడెక్కుతుందిలే తల్లీ. కానీ లోపలి ఎరుపు కనపడదుగా. పొద్దుగూకే వేళ లైటు వెయ్యకుండా ఈ ఎరుపు చూస్తూ కూర్చునేవాళ్లం. అది కావాలి నాకు."

తర్వాతి రోజుల్లో గోడ అవతల నుంచి మాడు వాసన లేదు. పుస్తకాల వీపు మీద సుత్తి చప్పుడు కూడా లేదు. తెప్పించిన హీటరు పెట్టె విప్పకుండా గుమ్మం దగ్గరే ఉంది. పాపకు అన్నం పెడుతూ మళ్లీ లెక్క వేశాను. 106లోంచి 72 తీసేస్తే 34. పోయినదాన్ని తేలేం గానీ, తగ్గినదాన్ని కలపొచ్చు కదా! పాపనెత్తుకుని మళ్లీ ఆయన గదికి వెళ్లాను.

"ఇంకో ముక్క చుట్టి దీని కొసకి కలిపితే పాత వేడికి దిగుతుంది బాబాయ్. కానీ అదే తీగ కావాలి."

ఆయన సొరుగు తీసి చెక్క రీలు బల్ల మీద పెట్టాడు. పక్కనే సైకిలు చువ్వ.

"మీ పిన్ని మిగిల్చింది. ముట్టుకోబుద్ధి కాలేదు."

"కత్తిరించాలి మరి."

రీలును వేలితో ఒకసారి తిప్పి, "ఎంత?" అన్నాడు.

ఓమ్‌లు కొలిచే ఇంకో మీటరు తెచ్చి, అది 34 చూపించేదాకా తీగ విప్పాను. కత్తెర ఆయనకే ఇచ్చాను. జిగురు ఎండి బిరుసెక్కిన వేళ్లతో ఆయనే చుట్టాడు. ఒకచోట దగ్గరగా, నాలుగుచోట్ల ఎడంగా వచ్చింది.

"మీ పిన్ని చూస్తే, చుట్టింది మనిషా మేకా అనేది."

మెలిక తీసేసి అతుకుల దగ్గర పింగాణీ కనెక్టర్లు బిగించాను. చీకిపోయిన వైరు మార్చాను. పని కాగానే ప్లగ్గు పీకుతానని మూడుసార్లు అనిపించుకున్నాను.

"మీ పిన్నే నయం, ఒక్కసారి చెప్పి ఊరుకునేది."

స్విచ్చి వేశాం. 2.2 ఆంపియర్లు. లెక్క కుదిరింది, కాస్త అటూ ఇటూగా. కాయిలు నెమ్మదిగా ఎరుపెక్కింది.

"కరెంటు రెండు ముక్కల్లోనూ ఒకటేనా?"

"ఒకటే బాబాయ్. దీంట్లోంచి వెళ్లిందే దాంట్లోకి వెళ్తుంది."

"మరి తను చుట్టిందే బాగా ఎర్రగా ఉందే?"

"పిన్ని దగ్గరదగ్గరగా చుట్టింది కదా. ఒక చుట్టు వేడి పక్క చుట్టుకి తగులుతుంది. మీది ఎడమెడంగా ఉంది, వేడి నిలవదు."

తల ఊపాడు. లేచి కిటికీ తెర దించాడు. పాప ఎరుపు వైపు చేతులు చాస్తుంటే వెనక్కి లాక్కున్నాను. జిగురు గిన్నె అందించబోతే ఆయన నా చెయ్యి ఆపాడు.

"గిన్నె పెడితే కనపడదమ్మా. కాసేపుండనీ."